పత్తి అమ్మి కమ్మలు కొనేలోగా డాలర్ ఏం చేసింది

2025 నవంబర్‌లో మా మామతో ఆదోని మార్కెట్ యార్డుకు వెళ్లాను. పత్తి అమ్మి, అటునుంచి అటే కూతురి పెళ్లికి కమ్మలు కొనాలని ఆయన ప్లాను. వ్యాపారి రాశిలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి, లోపలి నుంచి పిడికెడు పత్తి లాగి, బొటనవేళ్ల మధ్య పోగు సాగదీసి చూసి "తేమ ఉంది" అన్నాడు. ఆ ఏడాది పొడవు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలే గానీ, తేమ 12 శాతం దాటితే కొనుగోలు కేంద్రం వాళ్లు తీసుకోరు కదా, చివరికి టెండర్‌లో దాదాపు వెయ్యి తక్కువకే పోయింది. ఆ డబ్బుతో బజారుకు వెళ్తే బంగారం రేటు విని మామకు కళ్లు తిరిగాయి.

"నేను అమ్మేది తగ్గుతుంది, కొనేది పెరుగుతుంది. ఇదేం లెక్కరా?"

బస్సులో చెప్పాలని చూశా, సగం దాకా వచ్చేసరికి ఊరొచ్చేసింది.

ముందు బంగారం, అదే సులువు. ప్రపంచంలో బంగారం ధర ఔన్సుకు ఇన్ని డాలర్లని పలుకుతుంది, ఔన్సంటే 31.1 గ్రాములు. లెక్క కోసం ఔన్సు 3,000 డాలర్లు అనుకుందాం. డాలర్ 85 రూపాయలుంటే తులం, అంటే పది గ్రాములు, దాదాపు 82 వేలు. అదే డాలర్ 90 అయితే దాదాపు 86,800. అక్కడ ధర ఒక్క సెంటు కదల్లేదు, ఇక్కడ మాత్రం తులానికి 4,800 పెరిగింది. దీని మీద దిగుమతి సుంకం (2024 జూలైలో 15 నుంచి 6 శాతానికి తగ్గించారు), 3 శాతం జీఎస్టీ, ఆపైన తరుగు, మజూరీ.

మరి రూపాయి ఎందుకు పడుతుంది? కారణాలు చాలా ఉన్నాయి, నాకు పెద్దగా కనిపించేది వడ్డీ. మన దగ్గర నూటికి రెండు రూపాయల వడ్డీకి తిప్పేవాడు ఎలా ఆలోచిస్తాడో, మన షేర్లలో డబ్బు పెట్టే పెద్ద విదేశీ ఫండ్లూ అంతే. అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ (ఫెడ్) 2022 మార్చిలో దాదాపు సున్నా దగ్గరున్న వడ్డీని 2023 జూలైకల్లా 5.25–5.50 శాతానికి తీసుకుపోయింది. రిస్కే లేని అమెరికా బాండు మీద అంత వస్తుంటే మన షేర్లతో టెన్షన్ ఎందుకు? అమ్మేసి, వచ్చిన రూపాయలతో డాలర్లు కొనుక్కుని పోతారు. అందరూ డాలరే అడిగితే దాని ధర పెరగక ఏమవుతుంది. 2013లో అయితే వడ్డీ పెంచనే లేదు, మార్కెట్లోకి డాలర్లు వదలడానికి చేస్తున్న బాండ్ల కొనుగోళ్లు తగ్గించవచ్చని అప్పటి ఫెడ్ చైర్మన్ బెర్నాంకీ మేలో ఒక మాట అన్నాడంతే, 55 దగ్గరున్న డాలర్ ఆగస్టు చివరికి 68 దాటింది.

వడ్డీ పెరిగితే బంగారం తగ్గాలి కదా, అది వడ్డీ పెట్టదు కదా అని ఎవరైనా అడగొచ్చు. పుస్తకం లెక్క అదే. కానీ ఉక్రెయిన్ యుద్ధం మొదలవగానే రష్యా విదేశాల్లో దాచుకున్న దాదాపు 300 బిలియన్ డాలర్ల నిల్వలు స్తంభించాయి. అది చూశాక చాలా దేశాల కేంద్ర బ్యాంకులు పరాయి ఇంట్లో దాచిన డబ్బు కంటే సొంత బీరువాలో బంగారమే నయమనుకున్నట్టున్నాయి. 2022 నుంచి మూడేళ్లు, ఏటా వెయ్యి టన్నులకు పైగా కొన్నాయి. మామ కమ్మలకు ఆ పోటీదారులు ఎక్కడ కనపడతారు!

ఇక పత్తి. డాలర్ పెరిగితే బయటి పత్తి మన మిల్లులకు ఖరీదవుతుంది, అప్పుడు మన పత్తికి గిరాకీ రావాలి. 2025లో రూపాయి నాలుగైదు శాతం పడింది కూడా. అయినా ధర ఎందుకు రాలేదంటే, ఆ ఆగస్టు 27 నుంచి అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచింది. మన చొక్కాలు, దుప్పట్లు అక్కడ అమ్ముడుపోవడం కష్టమవుతుందని, మిల్లులకైనా ఊరట ఇద్దామని, దానికి వారం ముందే, ఆగస్టు 19న, మన ప్రభుత్వం దిగుమతి పత్తి మీదున్న 11 శాతం సుంకాన్ని ఎత్తేసింది. మొదట సెప్టెంబర్ ఆఖరు దాకా అన్నారు, తర్వాత డిసెంబర్ ఆఖరుకు పొడిగించారు. సరిగ్గా మన పత్తి యార్డుకొచ్చే నెలలు. రూపాయి పడటం వల్ల రైతుకు రావాల్సింది నాలుగైదు, సుంకం పోవడం వల్ల పోయింది పదకొండు. న్యూయార్క్ ఎక్స్ఛేంజ్‌లో పత్తి ధర కూడా ఆ ఏడాది చప్పగానే ఉంది. చొక్కా మీద గొడవ, దెబ్బ మాత్రం రాశి మీద. మిల్లులను ఆదుకోవద్దని నేననను, ఆ టైము మాత్రం నాకు మింగుడు పడలేదు.

తర్వాత ఇదంతా విని మామ ఒకటే అడిగాడు. "అయితే డాలర్ పెరగాలని మొక్కుకోవాలా, తగ్గాలనా?"

పత్తి అమ్మే రోజు పెరగాలి మామా, కమ్మలు కొనే రోజు తగ్గాలి, డీఏపీ ఎరువు బస్తా కొనే రోజు ఇంకా తగ్గాలి, అదీ బయటి నుంచే వస్తుంది కదా అన్నా. ఆయనకు మొదటి రెండూ ఒకే రోజు పడ్డాయి. ఎనిమిది గ్రాములవి అనుకుని వెళ్లినవాళ్లం నాలుగు గ్రాములవి తెచ్చాం.