‘వైరస్ తట్టుకునే’ టమాటా రకాలు: అపోహలు - వాస్తవాలు

పలమనేరు, వి.కోట, పుంగనూరు వైపు తోటల్లో టమాటా రకాలను పక్కపక్కన నాటి పోల్చి చూడటం నా పని. పొలం గట్టు ఎక్కగానే రైతులు నన్ను అడిగేది ఒకటే: "సార్, వైరస్ రాని ఇత్తనం ఏదో చెప్పండి."

అపోహ: తట్టుకునే రకానికి వైరస్ సోకదు.

సోకుతుంది. ఆకుముడత వైరస్‌ను మోసుకొచ్చే తెల్లదోమకు రకాల తేడా తెలియదు, దేని మీదైనా వాలి రసం పీలుస్తుంది. తట్టుకునే మొక్కలో వైరస్ పెరుగుదల నెమ్మదిస్తుంది, అంతే. చిగురు కాస్త ముడిచినా పూత నిలుస్తుంది, కాయ పడుతుంది. లొంగే రకంలో ఆకులు చిన్నవై పైకి ముడుచుకుని, అంచులు పసుపు తిరిగి, కణుపులు దగ్గరపడి మొక్క గిడసబారుతుంది. నాటిన మూడు, నాలుగు వారాల్లోపే అలా అయితే ఆ మొక్క మీద ఆశ వదులుకోవాల్సిందే.

అపోహ: ప్యాకెట్ మీద ‘వైరస్ రెసిస్టెంట్’ అని ఉంటే చాలు.

ఏ వైరస్‌కు? గొడవలన్నీ ఇక్కడే. అడవి టమాటా జాతుల నుంచి తెచ్చిన ‘టీవై’ జన్యువులు ఆకుముడత కోసం. తామర పురుగులు తెచ్చే మొవ్వుకుళ్ళు వైరస్‌ను అవి ఆపవు. వేరుశనగను మాడ్చే వైరసే అది, మనదేమో వేరుశనగ ప్రాంతం. లేతాకులు కంచు రంగుకు తిరిగి, నల్లమచ్చలు పడి, చిగురు ఎండి, కాయ మీద వలయాలు కనిపిస్తే అదే అనుకోవచ్చు. దాన్ని చూసి విత్తనం నకిలీదని షాపు మీదికి పోతే లాభం లేదు. ఆకుముడతలోనూ రకరకాల వైరస్‌లున్నాయి. ‘టీవై-2’ ఒక్కటే ఉన్న రకం బెంగళూరు ఆకుముడత వైరస్‌ను తట్టుకున్నా, న్యూఢిల్లీ ఆకుముడత వైరస్‌కు లొంగిపోవచ్చు.

అపోహ: పక్క తోటలో పచ్చగా ఉంది, ఆ రకమే మంచిది.

నాకు బాగా చిరాకు తెప్పించే మాట ఇది. ఆయన వానల్లో నాటాడు, మీరు తెల్లదోమ ఎక్కువగా ఉండే ఎండల్లో నాటుతున్నారు. ఇక పోలికేముంది? మేము అన్ని రకాల నారూ ఒకే రోజు పోసి, ఒకే రోజు నాటి, ఒక్కో రకాన్ని మడిలో మూడు, నాలుగు చోట్ల పెడతాం. మధ్యమధ్య పంజాబ్ ఛుహారా లాంటి లొంగే రకం వరుసలు వేస్తాం. ఆ వరుసలు ముడుచుకుపోతేనే మిగతా రకాలకు వేసిన మార్కులకు విలువ. అవీ పచ్చగానే ఉన్నాయంటే ఆ సీజన్‌లో వైరస్ రాలేదని అర్థం. అప్పుడు ఏ రకమూ తట్టుకున్నట్టు కాదు, తప్పించుకున్నట్టు.

అపోహ: అర్క రక్షక్ కాయల గింజ దాచుకుని మళ్ళీ వేసుకోవచ్చు.

అది బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ (ఐఐహెచ్ఆర్) వారి ఎఫ్-1 హైబ్రిడ్, అంటే రెండు వేర్వేరు రకాలను కలిపి తీసిన మొదటి తరం విత్తనం. ఆకుముడతతో పాటు బ్యాక్టీరియా ఎండు తెగులును, ఆకుమాడు తెగులును కూడా తట్టుకుంటుంది. గింజ దాచి వేస్తే తర్వాతి తరంలో ఆ గుణాలు చెదిరిపోతాయి, మొక్కమొక్కకూ తేడా వస్తుంది.

అపోహ: రకం మంచిదైతే నారు మీద వల అక్కర్లేదు.

నారుమడిలోనే సోకితే మంచి రకమూ దెబ్బ తింటుంది. ప్రోట్రేల (నారు పెంచే గుంతల ట్రేల) మీద 40 - 50 మెష్ (అంగుళానికి 40 - 50 కన్నాల) నైలాన్ వల, పొలం చుట్టూ రెండు, మూడు వరుసల మొక్కజొన్న తప్పనిసరి. ఇమిడాక్లోప్రిడ్ ఒక్కటే పదేపదే కొడితే తెల్లదోమ దానికి మొండికేస్తుంది, మందు మార్చాలి.

అపోహ: కొమ్మలు కట్టే కూలీల చేతుల నుంచి ఆకుముడత పాకుతుంది.

చేతుల మీదుగా, విత్తనం మీదుగా వచ్చేది టమాటా మొజాయిక్ వైరస్. ఆకుముడతకు తెల్లదోమే వాహనం. నాటిన నెలలోపు ముడుచుకున్న మొక్కలు కనిపిస్తే పీకి గట్టు మీద పడేయకండి, సంచిలో మూతిగట్టి తీసుకెళ్ళి పూడ్చండి.