మిర్చి రకానికి అంకె వేసే ముందు: అపోహలు - వాస్తవాలు

వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్ మిర్చి లాట్ల పట్టిక ఒకటి ముందు పెట్టుకుందాం: రకం, నాణ్యత, జిల్లా, క్వింటా ధర. ధర తప్ప మిగతావన్నీ మాటలే. ధరను అంచనా వేసే కంప్యూటర్ మోడల్‌కు మాత్రం అంకెలే కావాలి. మాటలను అలా అంకెలుగా మార్చడమే ఎన్‌కోడింగ్.

అపోహ: రకానికో అంకె ఇస్తే పనైపోతుంది.

వాస్తవం: సైకిట్‌లెర్న్ (ఇలాంటి మోడళ్లు తయారుచేసే పైథాన్ లైబ్రరీ)లోని ఆర్డినల్ ఎన్‌కోడర్ పేర్లను అక్షరక్రమంలో పేర్చి అంకెలు వేస్తుంది: చపాటా 0, తేజ 1, వండర్ హాట్ 2. లీనియర్ రిగ్రెషన్ (సరళరేఖ గీసి అంచనా వేసే మోడల్) ఆ అంకెలను నమ్మేసి, తేజ ధరను సరిగ్గా మిగతా రెండింటి నడుమన కూర్చోబెడుతుంది. యార్డులో అలాంటి రూలేం లేదు. రకానికి వన్-హాట్ వాడండి, అంటే ఒక్కో రకానికి ఒక్కో కాలమ్ పెట్టి, లాట్ ఆ రకమైతే 1, కాకపోతే 0 వేయండి. నాణ్యతకు అంకెలు సరే గానీ వరుస మీరే రాసివ్వాలి. లేదంటే తాలు (నాసి కాయ) 0, ఫస్ట్ 1, సెకండ్ 2 అయిపోతుంది!

అపోహ: వన్-హాట్‌లో ఒక కాలమ్ తీసేయాల్సిందే.

వాస్తవం: ఇంటర్‌సెప్ట్ (అన్ని లాట్లకూ ఉమ్మడిగా కలిసే స్థిర సంఖ్య) ఉన్న మామూలు రిగ్రెషన్‌కే ఆ అవసరం. ట్రీ మోడళ్లకు (ప్రశ్నలతో డేటాను చీల్చుకుంటూ పోయేవాటికి) అక్కర్లేదు. పైగా కాలమ్ తీసేసి, కొత్త రకాలను పట్టించుకోవద్దని కూడా సెట్ చేస్తే, కొత్తగా వచ్చిన రకానికి అన్నీ సున్నాలే పడతాయి. తీసేసిన రకానికీ అవే సున్నాలు. రెండూ ఒకటైపోతాయి.

అపోహ: రకాలు వందల్లో ఉంటే రకం పేరు బదులు దాని సగటు ధర పెట్టేస్తే సరి.

వాస్తవం: ఏ లాట్ ధరను అంచనా వేయాలో ఆ ధరే సగటులో కలిసిపోయి జవాబు ముందే లీకవుతుంది. ఇంకో చిక్కు: మూడే లాట్లున్న రకం సగటు 21,000, మొత్తం సగటు 15,000 అనుకుందాం. స్మూతింగ్ (రకం సగటును మొత్తం సగటు వైపు లాగే బరువు) 20 పెడితే (3×21,000 + 20×15,000) ÷ 23, అంటే దాదాపు 15,783. కొద్ది లాట్ల సగటును అంతకన్నా ఎక్కువ నమ్మకూడదు. సైకిట్‌లెర్న్ 1.3లో వచ్చిన టార్గెట్ ఎన్‌కోడర్ (ఇలా సగటు పెట్టే సాధనం) లీకును ఆపేది ఫిట్ (సగటులు లెక్కించడం), ట్రాన్స్‌ఫామ్ (వాటిని పేర్ల చోట పెట్టడం) రెండింటినీ ఫిట్-ట్రాన్స్‌ఫామ్‌గా కలిపి పిలిస్తేనే. మోడల్‌కు నేర్పే ట్రైనింగ్ డేటా మీద ఫిట్, ట్రాన్స్‌ఫామ్ విడివిడిగా పిలిస్తే ఆపదు.

అపోహ: పేరు ఒకటైతే వర్గమూ ఒకటే.

వాస్తవం: ఎక్కువ మంది బోల్తాపడేది ఇక్కడే. 2016 అక్టోబరుకు ముందు ‘వరంగల్’ అంటే ఉమ్మడి జిల్లా. ఆ జిల్లాను విడదీశాక వరంగల్ పేరుతో మిగిలినవి అర్బన్, రూరల్ జిల్లాలు. 2021 ఆగస్టులో అర్బన్ హనుమకొండ అయింది, రూరల్ వరంగల్ అయింది. 2016కు ముందు నుంచీ ఉన్న డేటాలో ఒకే పేరు కింద రెండు వేర్వేరు ప్రాంతాలు చేరతాయి. మండలం స్థాయికి దిగి, ఇప్పటి జిల్లాలకు మ్యాప్ చేశాకే ఎన్‌కోడింగ్. ఇక ‘వండర్ హాట్’, ‘వండర్‌హాట్’, ‘వండర్హాట్’... కంప్యూటర్‌కు మూడు రకాలు. రెండోదాంట్లో కంటికి కనబడని జీరో-విడ్త్ అక్షరం ఉంది. యూనికోడ్ నార్మలైజేషన్ (ఒకే అక్షరపు వేర్వేరు రూపాలను ఒకటి చేసే పద్ధతి) దాన్ని తీయదు, రీప్లేస్‌తో మీరే తీయాలి.