టెక్సస్‌లో తాళి కట్టే ముందు: పెళ్లి లైసెన్స్ మీద అపోహలు - వాస్తవాలు

మన ఊళ్లలో ముందు పెళ్లి జరుగుతుంది. ఆ తర్వాత శుభలేఖ, పెళ్లి ఫొటో పట్టుకుని, సాక్షుల్ని వెంటబెట్టుకుని రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళతాం. 1955 నాటి హిందూ వివాహ చట్టం చూసేది తంతునే. సప్తపది ఆచారం ఉన్నవాళ్లకు ఏడో అడుగు పడగానే పెళ్లి పూర్తయినట్టు, రిజిస్ట్రేషన్ దానికి రుజువు. అమెరికాలో ఈ వరుస తలకిందులవుతుంది. ముందు కౌంటీ (మన జిల్లా లాంటిది) క్లర్క్ ఇచ్చే లైసెన్స్, తర్వాత పెళ్లి, ఆ తర్వాత పెళ్లి చేయించినవారి సంతకంతో అదే కాగితం తిరిగి కౌంటీకి వెళ్లాలి. డాలస్ చుట్టుపక్కల పెళ్లిళ్లు చేయించే పురోహితుణ్ణి నేను. నా దగ్గరికి వచ్చే గందరగోళంలో చాలా భాగం ఈ ఒక్క తేడా తెలియకపోవడం వల్లే వస్తోంది. ఇక్కడ రాసేది టెక్సస్ సంగతి. వేరే రాష్ట్రం మాట వచ్చినచోట పేరు పెట్టి చెబుతాను.

అపోహ: తాళి కట్టేశాక తీరిగ్గా రిజిస్టర్ చేయించుకోవచ్చు.

వాస్తవం: కుదరదు. జరిగిపోయిన పెళ్లికి పాత తేదీ వేసి క్లర్క్ లైసెన్స్ ఇవ్వరు. టెక్సస్‌లో ‘ఇన్‌ఫార్మల్ మ్యారేజ్’ అని ఒకటుంది. ఇద్దరూ దంపతులుగా ఉండాలని ఒప్పుకుని, ఈ రాష్ట్రంలో కలిసి కాపురం చేస్తూ, నలుగురికీ భార్యాభర్తలమనే చెప్పుకుంటే చట్టం దాన్నీ పెళ్లిగానే చూస్తుంది. కౌంటీ క్లర్క్ దగ్గర డిక్లరేషన్ ఇచ్చి దాన్ని నమోదు చేయించుకోవచ్చు. లైసెన్స్ లేకుండా పెళ్లయిపోయినవాళ్లకు అది ఆసరా. అంతేగాని లైసెన్స్ తీసుకునే వీలున్నవాళ్లు కావాలని పట్టాల్సిన దారి కాదు.

అపోహ: లైసెన్స్ పెళ్లికి ముందురోజు తెచ్చుకుంటే చాలు.

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఇదే. టెక్సస్‌లో లైసెన్స్ ఇచ్చిన క్షణం నుంచి 72 గంటల దాకా పెళ్లి జరపకూడదు. రోజులు లెక్కపెడితే సరిపోదు, గంటలు లెక్కపెట్టాలి. ఇచ్చిన తేదీ పక్కన టైము కూడా కాగితం మీద ఉంటుంది. గురువారం మధ్యాహ్నం 3 గంటలకు లైసెన్స్ తీసుకుని ఆదివారం ఉదయం 10:30 ముహూర్తానికి కూర్చుంటామంటే కుదరదు. ఆ లైసెన్స్ పనికొచ్చేది ఆదివారం మధ్యాహ్నం 3 దాటాకే. గురు, శుక్ర, శని అని వేళ్లమీద లెక్కేసుకుని ‘మూడు రోజులైపోయాయి కదా పంతులుగారూ’ అంటారు. నేను టైము చూస్తాను.

సెలవుల వారాంతం పెళ్లిళ్లకు ఇంకా జాగ్రత్త కావాలి. థాంక్స్‌గివింగ్ గురువారం కౌంటీ ఆఫీసు తెరవరు, మరుసటి శుక్రవారం కూడా చాలాచోట్ల మూతే. ఆ శనివారం ఉదయం 8:40కి ముహూర్తం ఉంటే బుధవారం పొద్దున్నే తలుపు తీయగానే వెళ్లినా, లైసెన్స్ చేతికొచ్చేసరికి 8:40 దాటితే ఆలస్యమైపోతుందని లెక్కవేస్తే తెలుస్తుంది. మంగళవారమైనా వెళ్లాలి. నన్నడిగితే అంతకు ముందు వారంలోనే ముగించుకోమంటాను.

మినహాయింపులు లేకపోలేదు. సైన్యంలో పనిచేస్తున్నవాళ్లకు ఈ నిరీక్షణ వర్తించదు, జడ్జి లిఖితపూర్వకంగా సడలించవచ్చు. ‘టుగెదర్ ఇన్ టెక్సస్’ కింద కనీసం 8 గంటల వివాహపూర్వ తరగతులు పూర్తిచేసి ఆ సర్టిఫికెట్ చూపిస్తే 72 గంటల నియమం పోతుంది, లైసెన్స్ ఫీజులో 60 డాలర్లు కూడా తగ్గుతాయి. పిల్లలకు ఈ తరగతులు నేను గట్టిగానే సిఫారసు చేస్తాను. డబ్బు గురించి, కోపతాపాల గురించి పెళ్లికి ముందే కూర్చుని మాట్లాడుకునే అవకాశం మళ్లీ అంత తేలిగ్గా దొరకదు.

అలాగని మరీ ముందుగా తెచ్చుకున్నా చిక్కే. లైసెన్స్ ఇచ్చాక 90వ రోజు రాకముందే పెళ్లి జరగాలి, లేకపోతే కాగితం చెల్లదు, మళ్లీ ఫీజు కట్టి కొత్తది తీసుకోవాలి. ముహూర్తానికి నెల ముందు వెళ్లడం మంచిది.

అపోహ: శుభలేఖలో ఉన్న తేదీనే లైసెన్స్ మీద రాయాలి.

వాస్తవం: మన పంచాంగానికి రోజంటే సూర్యోదయం నుంచి సూర్యోదయం వరకు. అందుకే అర్ధరాత్రి దాటిన ముహూర్తానికి ‘శనివారం రాత్రి 2:36, తెల్లవారితే ఆదివారం’ అని శుభలేఖలో వేస్తాం. కౌంటీకి ఆ లెక్క లేదు. అర్ధరాత్రి దాటిందంటే అది ఆదివారమే, లైసెన్స్ మీద నేను రాసేదీ ఆదివారం తేదీయే. రేపు వీసా ఫారంలోనూ ఇన్సూరెన్స్ ఫారంలోనూ పెళ్లి తేదీ అడిగితే కాగితం మీదున్న తేదీనే రాయండి, శుభలేఖ తేదీ కాదు. ఒక్కోచోట ఒక్కో తేదీ ఉంటే అడిగిన ప్రతివాళ్లకూ సంజాయిషీ ఇచ్చుకోవాలి.

అపోహ: ఏ కౌంటీలో ఉంటే ఆ కౌంటీలోనే తీసుకోవాలి.

వాస్తవం: టెక్సస్‌లో ఏ కౌంటీలోనైనా తీసుకోవచ్చు, రాష్ట్రంలో ఎక్కడైనా పెళ్లి చేసుకోవచ్చు. ఫ్రిస్కో ఊరే కాలిన్, డెంటన్ కౌంటీల మధ్య పంచుకుని ఉంది. మీ ఇల్లు ఎటువైపున్నా ఫరవాలేదు. తిరిగి పంపేటప్పుడు మాత్రం ఇచ్చిన కౌంటీకే పంపాలి. రాష్ట్రం దాటితే ఈ లైసెన్స్ పనిచేయదు. లాస్ వేగాస్‌లో పెళ్లి పెట్టుకుంటే అక్కడి క్లార్క్ కౌంటీ నుంచే తీసుకోవాలి. అక్కడ నిరీక్షణ లేదు, ఆఫీసు రోజూ అర్ధరాత్రి దాకా ఉంటుంది.

అపోహ: ఇద్దరు సాక్షులు కావాలి, రక్తపరీక్ష కావాలి, గ్రీన్ కార్డో హెచ్-1 వీసానో ఉండాలి.

వాస్తవం: టెక్సస్‌లో ఇవేవీ అక్కర్లేదు. ఎడిసన్‌లో ఉన్న బంధువులు సాక్షులు ఉండాలని చెబితే వాళ్ల న్యూజెర్సీకి అది నిజమే. అక్కడ లైసెన్స్ ఇచ్చేది కూడా కౌంటీ కాదు, ఊరి రిజిస్ట్రార్. ఇక్కడ గడువు తీరని ఇండియన్ పాస్‌పోర్ట్ గుర్తింపుగా చాలు, ఇద్దరికీ 18 నిండి ఉండాలి. సోషల్ సెక్యూరిటీ నంబర్ ఉంటే చెప్పాలి. నిన్నగాక మొన్న దిగిన పెళ్లికూతురికి ఇంకా రాకపోతే లేదని చెప్పొచ్చు. విడాకులైనవాళ్లు మాత్రం డిక్రీ తర్వాత 30 రోజులు ఆగాలి, లేదా కోర్టు సడలింపు తెచ్చుకోవాలి. డిక్రీ ఇండియాదైతే అక్కడి అప్పీలు గడువు 90 రోజులు దాటిందో లేదో కూడా చూసుకోండి.

అపోహ: పురోహితుడికి ప్రభుత్వ గుర్తింపు కార్డు ఉండాలి.

వాస్తవం: టెక్సస్ అలాంటి కార్డేదీ ఇవ్వదు. మతసంస్థలో బాధ్యతలో ఉండి, పెళ్లిళ్లు చేయించే అధికారం ఆ సంస్థ నుంచి పొందినవారు ఎవరైనా చేయించవచ్చు. గుడి ఇచ్చిన అధికారపత్రం నా దగ్గర ఉంటుంది. వర్జీనియాలో అలా కాదు, ముందుగా సర్క్యూట్ కోర్టు క్లర్క్ దగ్గర అనుమతి పొందాలి. వేరే రాష్ట్రం నుంచి మీ ఇంటి పురోహితుణ్ణి పిలిపించుకునేవాళ్లు ఈ ఒక్క మాట ముందే అడగండి.

అపోహ: మేనరికమైతే ఏం, మన ఆచారమే కదా, ఎవరూ పట్టించుకోరు.

వాస్తవం: ఈ మాట చెప్పడం నాకూ కష్టమే. మేనత్త కొడుకును, మేనమామ కూతుర్ని చేసుకోవడం మన ఇళ్లలో తరతరాలుగా ఉంది. ఆచారం ఉన్న కుటుంబాలకు హిందూ వివాహ చట్టం కూడా అడ్డుచెప్పదు. టెక్సస్ మాత్రం 2005 నుంచి తల్లిదండ్రుల తోబుట్టువుల పిల్లల మధ్య పెళ్లిని నిషేధించింది. మేనత్త, మేనమామ, పెద్దమ్మ, బాబాయి అనే భేదం లేదు. దత్తత సంబంధమైనా అంతే. ఆ వరుస కాదని దరఖాస్తులోనే ఇద్దరూ ప్రమాణపూర్వకంగా చెప్పాలి, అబద్ధం చెబితే నేరం. కాలిఫోర్నియా, న్యూయార్క్, న్యూజెర్సీల్లో అలాంటి పెళ్లికి అనుమతి ఉంది. అయినా అక్కడ చేసుకుని వచ్చి టెక్సస్‌లో కాపురం పెడతామంటే ముందు ఫ్యామిలీ లాయర్‌తో మాట్లాడాల్సిందే, ఎందుకంటే ఇక్కడి శిక్షాస్మృతిలోనూ ఈ వరుస మీద నిషేధం ఉంది. ఇండియాలోనే చేసుకుని వచ్చిన దంపతులకూ నా సలహా ఇదే. అక్క కూతురి వరుసకు కాలిఫోర్నియా కూడా ఒప్పుకోదు.

సంబంధం ఖాయం చేసుకునే రోజునే ఈ విషయం తేలాలి. నిశ్చితార్థం అయి, హాలుకు అడ్వాన్స్ ఇచ్చాక కౌంటీ ఆఫీసులో తెలిస్తే ఆ పిల్లలిద్దరూ పడే బాధ చూడలేం.

అపోహ: వీసా కోసం ముందు ‘కాగితం పెళ్లి’ చేసేసి, అసలు పెళ్లి ఏడాది తర్వాత చేద్దాం. అప్పటిదాకా అది లెక్కలోకి రాదు.

వాస్తవం: లెక్కలోకి వచ్చేది అదే. జడ్జి ఎదుట పెళ్లయిన రోజు నుంచి చట్టం దృష్టిలో వాళ్లు భార్యాభర్తలు. అమ్మాయి ఇంకా పుట్టింట్లోనే ఉన్నా, తాళి పడకపోయినా సరే. టెక్సస్‌లో ఆ రోజు నుంచి సంపాదించేది మామూలుగా ఇద్దరి ఉమ్మడి ఆస్తి కిందికి వస్తుంది. ఈలోగా మనసులు కలవక సంబంధం వద్దనుకుంటే నిశ్చితార్థం రద్దు చేసుకున్నట్టు కుదరదు, విడాకులే తీసుకోవాలి. దానికి ఇద్దరిలో ఒకరు టెక్సస్‌లో 6 నెలలు, ఆ కౌంటీలో 90 రోజులు ఉండి ఉండాలి. కేసు వేశాక మామూలుగా 60 రోజులు ఆగాలి. ఆ తర్వాత ఏ సంబంధం చూసినా ‘మొదటి పెళ్లి’ సంగతి చెప్పుకోవాల్సిందే. ఆ భారం ఎక్కువగా ఆడపిల్ల మీదే పడుతుంది. అందుకే ముందు రిజిస్టర్ పెళ్లి అన్న కుటుంబాలను కూర్చోబెట్టి ఈ సంగతంతా చెబుతాను. తెలిసి చేస్తే తప్పేమీ లేదు.

ఇంకో కోణం ఉంది. గ్రీన్ కార్డ్ ఉన్న తల్లిదండ్రులు పిల్లల కోసం పిటిషన్ వేసి ఉంటే, ఆ పిల్లలకు పెళ్లవగానే అది రద్దయిపోతుంది. ఫియాన్సే వీసా (అమెరికా పౌరుల్ని పెళ్లాడబోయేవాళ్లకు ఇచ్చేది) మీద వచ్చేవాళ్లు పెళ్లి కానివాళ్లై ఉండాలి, దిగిన 90 రోజుల్లో ఇక్కడ పెళ్లి చేసుకోవాలి. వచ్చేముందు ఊళ్లో పెద్దలు ముచ్చటపడి తాళి కట్టిస్తే ఆ వీసాకే ఎసరు.

అపోహ: పేర్లు కౌంటీ ఆఫీసువాళ్లే సరిగ్గా రాసుకుంటారు.

వాస్తవం: కుడిచెయ్యెత్తి ప్రమాణం చేయించాక క్లర్క్ వివరాలు చూపించి సరిచూసుకోమంటారు. అప్పుడు నవ్వుతూ తలూపేయకండి. పాస్‌పోర్ట్ పక్కన పెట్టుకుని ఒక్కో అక్షరం చూడండి. ఇంటిపేరు ముందుందా వెనకుందా, వెంకట సాయి లక్ష్మి అన్నవి మూడు మాటలా ఒకటా, సర్‌నేమ్ గడి ఖాళీగా ఉన్న పాస్‌పోర్ట్ అయితే ఏం రాశారు, ఇవన్నీ అక్కడే తేలాలి. పెళ్లి తర్వాత పేరు మార్చుకునే సంగతి వేరు. టెక్సస్‌లో సర్టిఫికెట్ వచ్చాక సోషల్ సెక్యూరిటీ ఆఫీసుతో మొదలుపెట్టి మార్చుకోవచ్చు. కాలిఫోర్నియాలో అయితే కొత్త పేరు లైసెన్స్ దరఖాస్తులోనే రాయాలి, పెళ్లయ్యాక ఆ కాగితంలో చేర్చరు.

అపోహ: లైసెన్స్ అంటేనే మ్యారేజ్ సర్టిఫికెట్.

వాస్తవం: లైసెన్స్ అనుమతి మాత్రమే. పెళ్లి జరిగిన తేదీ, కౌంటీ రాసి, సంతకం చేసి 30 రోజుల్లోగా క్లర్క్‌కు చేర్చే బాధ్యత చేయించినవారిది. చేర్చకపోతే 200 నుంచి 500 డాలర్ల జరిమానా. అరుంధతీ దర్శనం అయ్యాక, భోజనాలకు లేవకముందే నేను ఆ కాగితం అడిగి సంతకం చేస్తాను. అలా అడక్కపోతే అది కట్నకానుకల కవర్లతో పాటు ఏ సూట్‌కేసులోకో వెళ్లిపోతుంది. ఆ సూట్‌కేసు హనీమూన్‌కు, అక్కణ్ణుంచి హైదరాబాద్‌కు కూడా వెళ్లొస్తుంది. ఇక్కడ అమ్మాయి హెచ్-4 (హెచ్-1 మీద ఉన్నవారి జీవిత భాగస్వామి వీసా) దరఖాస్తూ, ఇన్సూరెన్సులో పేరు చేర్చడమూ దాని కోసమే ఆగిపోతాయి.

క్లర్క్ నమోదు చేశాక సర్టిఫైడ్ కాపీలు రెండు మూడు తీసుకోండి. ఓసీఐ (విదేశీ పౌరసత్వం ఉన్న భారతీయ మూలాలవారికి, వాళ్ల జీవిత భాగస్వాములకు ఇచ్చే కార్డు) లాంటి ఇండియా పనులకు వాడాలంటే ఆ కాపీ మీద ఆస్టిన్‌లోని సెక్రెటరీ ఆఫ్ స్టేట్ ఆఫీసు నుంచి అపోస్టిల్, అంటే వేరే దేశంలో చెల్లేలా వేసే ధ్రువీకరణ, వేయించాలి. దానికి ఇంట్లో తీసుకున్న జిరాక్స్ పనికిరాదు.