ఫ్యాక్టరీలు పెరిగితే నీళ్లన్నీ వాటికేనా? కొన్ని అపోహలు, వాస్తవాలు

కొత్త ప్లాంట్ మీద ప్రజాభిప్రాయ సేకరణ ఎక్కడ పెట్టినా ఊరివాళ్లది ఒకటే మాట: "ఇవి పెరిగేకొద్దీ మా నీళ్లు తగ్గుతాయి." యాజమాన్యాల లెక్కా అదే. ఉత్పత్తి రెట్టింపు చేస్తున్నాం, నీటి కేటాయింపూ రెట్టింపు చేయండి అంటారు. ఎదురెదురుగా కూర్చుని ఇద్దరూ ఒకే తప్పుని నమ్ముతారు.

అపోహ: దేశం ఎదిగేకొద్దీ పరిశ్రమల నీటి వాడకం పెరుగుతూనే ఉంటుంది.

వాస్తవం: మొదట పెరిగే మాట నిజమే. తర్వాత ఒకచోట ఆగి, దిగుతుంది. అమెరికాలో పరిశ్రమలు సొంతంగా తోడుకునే నీరు (కరెంటు ప్లాంట్లు కాకుండా) 1985లో రోజుకి సుమారు 2,600 కోట్ల గ్యాలన్లు. 2015కి 1,500 కోట్ల లోపే. చైనా పరిశ్రమలు 2011లో 14,600 కోట్ల క్యూబిక్ మీటర్లు వాడాయి. 2022లో 10,000 కోట్లు కూడా దాటలేదు.

డబ్బొచ్చింది కాబట్టి బుద్ధొచ్చిందని కాదు. అమెరికాలో 1972 చట్టంతో పర్మిట్ లేకుండా మురుగు వదలడం కుదరలేదు. ఎలాగూ శుద్ధి చేస్తున్నాం కదా, మళ్లీ వాడుకుందాం అనుకున్నారు. కొంత పని దేశమే దాటిపోయింది. అక్కడివాళ్లు వేసుకునే టీషర్ట్‌ల అద్దకం తిరుప్పూర్‌కి చేరింది. మురుగు వదులుతున్నందుకు 2011లో మద్రాసు హైకోర్టు అక్కడి డైయింగ్ యూనిట్లని మూయించాక గానీ జెడ్‌ఎల్‌డీ (మురుగు చుక్క కూడా బయటికి వదలకుండా శుద్ధి చేసి మళ్లీ వాడుకునే పద్ధతి) గాడిన పడలేదు.

తగ్గడం ఎలాగో కూలింగ్ టవర్ దగ్గర చూడండి, ఫ్యాక్టరీ వేడినీళ్లు కొంత ఆవిరై చల్లబడేది అక్కడే. గంటకి 100 క్యూబిక్ మీటర్లు ఆవిరవుతున్నాయనుకోండి. సీవోసీ (టవర్ నీళ్లలో ఉప్పులు కొత్త నీళ్లకంటే ఎన్ని రెట్లు చిక్కబడనిస్తారన్నది) 2 దగ్గర నడిపితే మేకప్ (కొత్తగా నింపే నీరు) 200 కావాలి, అందులో 100 బ్లోడౌన్‌లోకే (చిక్కబడ్డాక బయటికి వదిలేసేది). అదే 5 దగ్గర మేకప్ 125 చాలు. 10కి లాగితే 111. మిగిలేది కొంచెం, స్కేలింగ్ (పైపుల్లో ఉప్పు పెచ్చు కట్టడం) తలనొప్పి మాత్రం బోలెడు. టవర్ మారలేదు, ఉత్పత్తీ మారలేదు.

ఒక ప్లాంట్‌లో బ్లోడౌన్ వాల్వ్ రోజంతా తెరిచే ఉండేది, నీళ్లలో ఉప్పు ఎంతుందో చూపే కండక్టివిటీ మీటర్ మీద దుమ్ము. ఇదేంటని ఆపరేటర్‌ని అడిగితే, "స్కేల్ కడితే నన్నంటారు సార్, నీళ్లు పోతే ఎవరూ అడగరు" అన్నాడు. ఆ నెలలోనే వాళ్లు అదనపు కేటాయింపుకి అర్జీ పెట్టుకున్నారు! అతన్ని తప్పుపట్టలేను. నీళ్లు చవగ్గా వచ్చినన్నాళ్లూ అంతే.

అపోహ: మన దేశం తోడే నీటిలో పరిశ్రమల వాటా 2 శాతమే, భయం దేనికి?

దేశం సగటు చూపించి రైతు నోరు మూయించడం నాకు నచ్చదు. పటాన్‌చెరు దగ్గర నక్కవాగు పాడైంది ఫ్యాక్టరీలు నీళ్లు తోడినందుకు కాదు, వదిలినందుకు. వాగు పక్క బోరున్నవాడి భయం భయమే. వాటా ఎంతన్నది ఆ బోరుకి అనవసరం.

అపోహ: జెడ్‌ఎల్‌డీ పెడితే ఇక నీళ్లే అక్కర్లేదు. వాస్తవం: ఆవిరయ్యేది ఆవిరవుతూనే ఉంటుంది, మేకప్ కావాల్సిందే. కరెంటు ఖర్చు, ఉప్పు గుట్టలు అదనం.

అపోహ: సముద్రపు నీళ్లు పనికిరావు. వాస్తవం: విశాఖ పక్కన సింహాద్రి కరెంటు ప్లాంట్ కూలింగ్‌కి వాడేది అవే.

మీ ఊళ్లో హియరింగ్ ఉంటే ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) రిపోర్టులో వాటర్ బ్యాలెన్స్ (నీటి జమాఖర్చు) పేజీ తీయండి. మేకప్ ఎంత, బ్లోడౌన్ ఎంత, ఎక్కడికి పోతుంది, సీవోసీ ఎంత అని వరసగా అడగండి. మే నెలలో నీళ్లు ఎక్కణ్నుంచి తెస్తారో చెప్పించి, ఆ జవాబు మినిట్స్‌లోకి ఎక్కిందాకా కుర్చీలోంచి లేవకండి.