చందమామ మీద నడక, స్క్రీన్ మీద రంగు: స్పేస్ పాప్ ఆర్ట్ ప్రింట్ల గురించి అపోహలు - వాస్తవాలు

చెన్నైలో స్క్రీన్ ప్రింటింగ్ అనగానే చాలామందికి ఆండర్సన్ స్ట్రీట్ కొట్లు, పెళ్లి శుభలేఖలు గుర్తొస్తాయి. నా పనీ ఆ పద్ధతిలోనే సాగుతుంది, కాకపోతే నేను వేసేది కళాకారుల బొమ్మలు. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగిన దగ్గర్నుంచి వ్యోమగాములు, రాకెట్లు ఉన్న పాప్ ఆర్ట్ (ప్రకటనలు, వార్తా ఫొటోల లాంటి రోజూ చూసే బొమ్మలతో చేసే కళ) ప్రింట్ల గురించి అడిగే తెలుగువాళ్లు ఎక్కువయ్యారు. కష్టపడి సంపాదించిన డబ్బు పెట్టి కొంటున్నారు కాబట్టి, నా చెవిన పడే మాటలకు జవాబులు రాస్తున్నాను.

అపోహ: ప్రింట్ అంటే ఒరిజినల్‌కి కాపీ. ఫ్రేము కట్టిన పోస్టరే.

నన్ను అన్నిటికంటే బాధపెట్టే మాట ఇది. కాపీ అనాలంటే ముందు ఒరిజినల్ ఒకటి ఉండాలి కదా. అమెరికా పాప్ ఆర్ట్ కళాకారుడు ఆండీ వార్హోల్ 1987 నాటి ‘మూన్‌వాక్’నే తీసుకోండి. 38 అంగుళాల చదరపు షీటు. నాసా ఫొటోలు రెండింటిని, అంటే వ్యోమగామి ఉన్నదొకటి, జెండా ఉన్నదొకటి, కలిపి ఆ బొమ్మ కట్టాడు. రెండు రంగుల కూర్పుల్లో వేశారు. ఆ కూర్పు పుట్టిందే ప్రింట్‌గా. అన్నట్టు, అందులో ఉన్నది ఆర్మ్‌స్ట్రాంగ్ అని చాలామంది అనుకుంటారు. ఆర్మ్‌స్ట్రాంగ్ కెమెరా పట్టుకున్నాడు, ఫొటోలో ఉన్నది ఆయన తోటి వ్యోమగామి ఆల్డ్రిన్.

ఒక్కో రంగుకి ఒక్కో స్క్రీన్, అంటే ఫ్రేముకి బిగించిన సన్నని జాలీ గుడ్డ (మెష్). మెష్‌కి ఎమల్షన్ పూసి, చీకట్లో ఆరబెట్టి, ఫిల్మ్ పెట్టి లైటు చూపిస్తాం. లైటు తగిలిన చోట ఎమల్షన్ గట్టిపడుతుంది, తగలని చోట నీళ్లతో కడిగితే పోతుంది. ఆ ఖాళీలోంచి స్క్వీజీతో, అంటే రబ్బరు పట్టీతో, ఇంకు లాగుతాం. స్పేస్ బొమ్మల్లో అసలు పరీక్ష నల్లటి ఆకాశం. అంత పెద్ద నలుపు సమంగా పడాలంటే స్క్వీజీ ఒకే ఒత్తిడితో, ఆగకుండా రావాలి. చెన్నై వేడికి నీటి ఇంకు మెష్‌లోనే ఆరిపోతుంది, ఆరడాన్ని నెమ్మదింపజేసే రిటార్డర్ కలపక తప్పదు. మెష్ మీద చిన్న దుమ్ము కణం ఉన్నా నలుపులో తెల్ల చుక్క పడుతుంది. చూసేవాళ్లు దాన్ని నక్షత్రం అనుకుంటారు. కానీ అపోలో 11 ఫొటోల్లో ఆకాశం ఖాళీగా నల్లగానే ఉంటుంది. ఎండలో మెరిసే చంద్రుడి నేలకి సరిపడేట్టు ఎక్స్‌పోజర్ పెట్టారు, మసక నక్షత్రాలు అందులో రావు. అలాంటి బొమ్మలో ఆ తెల్ల చుక్క ప్రింటింగ్ లోపమే. అది పడ్డ షీటుని నేను పక్కన పెట్టేస్తాను.

ఇంకో తంటా కాగితంతో. కాటన్ కాగితం గాలిలో తేమ పీల్చి సాగుతుంది. ఉదయం వేసిన నీలం మీద సాయంత్రం గులాబీ వేస్తే అంచు జరిగిపోవచ్చు. అందుకే కాగితాన్ని ముందే స్టూడియో గాలికి అలవాటు పడనిస్తాం. ఇంత చేతిపని ఉన్నదాన్ని కాపీ అంటే నేను ఒప్పుకోను. చిత్తూరు జిల్లా నుంచి వెళ్లి, మద్రాసు కళాక్షేత్రలో బోధించి, పారిస్‌లో ‘అటెలియే 17’ అనే ప్రింట్ స్టూడియోలో పనిచేసిన కృష్ణారెడ్డి గారు ప్రపంచమంతా గౌరవించే ప్రింట్‌మేకర్. ఆయనది స్క్రీన్ కాదు, లోహపు పలకల మీద పని. ఆయన కళ మనకి దక్కింది ప్రధానంగా ప్రింట్ల రూపంలోనే.

పోస్టరుకీ దీనికీ తేడా కావాలంటే పది రెట్లు పెద్దగా చూపించే లూప్ పెట్టి చూడండి. పోస్టర్లు అచ్చేసే ఆఫ్‌సెట్ పద్ధతిలో నాలుగు రంగుల చుక్కలు పువ్వుల్లా గుంపుకట్టి కనిపిస్తాయి. స్క్రీన్ ప్రింట్‌లో ఇంకు పొరగా కూర్చుని ఉంటుంది, షీటుని ఏటవాలుగా పట్టుకుంటే రంగు మీద రంగు ఎక్కిన చోటు తెలుస్తుంది. ఛాయలను చుక్కలుగా మార్చే హాఫ్‌టోన్ వాడితే ఇందులోనూ చుక్కలుంటాయి, కానీ ప్రతి చుక్కా ఒకే ముద్ద రంగు.

అపోహ: 1/160 అని ఉంటే 150/160 కంటే విలువైంది.

కింది అంకె మొత్తం ఎన్ని వేశారో చెబుతుంది, పై అంకె ఆ షీటు నంబరు. రంగు రంగుకీ షీట్లు ర్యాకులోకి వెళ్లి వస్తాయి, వరస మారిపోతుంది. చివర్లో నంబర్లు వేసేటప్పుడు మొదట చేతికొచ్చిన షీటే ‘1’. నంబరు చూసి ఎక్కువ డబ్బు ఇవ్వకండి, షీటు స్థితి చూసి ఇవ్వండి.

అపోహ: కళాకారుడి సంతకం లేకపోతే నకిలీ.

వార్హోల్ 1987 ఫిబ్రవరి 22న చనిపోయాడు, ‘మూన్‌వాక్’ మీద సంతకాలు పెట్టకుండానే. షీటు వెనకవైపు ధ్రువీకరణ ముద్ర ఉంటుంది, దాని మీద ఎస్టేట్ ఎగ్జిక్యూటర్ (ఆయన పోయాక ఆస్తి వ్యవహారాలు చూసే వ్యక్తి), ప్రచురణకర్త, ప్రింటర్ సంతకాలు ఉంటాయి. కాబట్టి ముందువైపు పెన్సిల్ సంతకం ఉన్న ‘మూన్‌వాక్’ ఎవరైనా చూపిస్తేనే అనుమానించాలి. ఏ ప్రింట్ అయినా ఎప్పుడు, ఎవరు వేశారు, సంతకం ఎక్కడ ఉండాలి అన్నది ముందు తెలుసుకోండి.

అపోహ: స్పేస్ పాప్ ఆర్ట్ అంతా స్క్రీన్ ప్రింటే.

కాదు. అపోలో 11 ప్రయోగం చూడమని నాసా పిలిస్తే వెళ్లొచ్చి అమెరికా కళాకారుడు రాబర్ట్ రౌషెన్‌బర్గ్ చేసిన ‘స్టోన్డ్ మూన్’ వరస ప్రధానంగా లిథోగ్రాఫ్, అంటే రాతి లేదా లోహపు పలక మీది బొమ్మని అచ్చేసే పద్ధతి.

అపోహ: అంతరిక్షం ఫొటోలు అందరివీ, ఎవరైనా వేసి అమ్ముకోవచ్చు.

నాసా తీసిన ఫొటోలకు సాధారణంగా కాపీరైట్ లేదు, కానీ నాసా గుర్తుని ఇష్టమొచ్చినట్టు వాడకూడదు. మన దగ్గర అలా కాదు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ప్రభుత్వ రచనలకు 60 ఏళ్లు హక్కు ఉంటుంది. ఇస్రో ఫొటోతో ప్రింట్ వేసి అమ్మాలనుకునే కుర్రకారు ముందు రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి.

అపోహ: లామినేషన్ చేయిస్తే కలకాలం ఉంటుంది.

దయచేసి చేయించొద్దు. వేడికీ జిగురుకీ ఇంకు, కాగితం రెండూ పాడవుతాయి, మళ్లీ ఊడదీయలేం. ప్రింట్ ఇంకు పొర అద్దానికి తగలకూడదు, మన తేమకి అతుక్కుపోతుంది. మధ్యలో ఆమ్లం లేని మౌంట్ బోర్డు పెట్టించండి. వెనకాల మామూలు అట్ట, సెల్లో టేపు వద్దు, కొన్నేళ్లకి గోధుమ రంగు మరకలు దిగుతాయి. పాప్ ఆర్ట్‌లో వాడే ఫ్లోరసెంట్ గులాబీ, నారింజ రంగులు వెలుతురికి అన్నిటికంటే ముందు వెలిసిపోతాయి, యూవీ అద్దం వేయించినా నేరుగా ఎండ పడే చోట పెట్టకండి. వానాకాలంలో నెమ్ము దిగే గోడకైతే అసలు వద్దు, వెనక నుంచి బూజు పడుతుంది. ఈ జాగ్రత్తలన్నీ ఫ్రేము కట్టేవాళ్లకి ముందే చెప్పి, కట్టించాక వెనక పలక తెరిపించి ఒకసారి చూసుకోండి.