తోడుదొంగ అంటే చిన్న దొంగ కాదు

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

"తోడుదొంగ అంటే చిన్న దొంగా, తాతయ్యా?" అని మీరు అడిగినప్పుడు ఫోనులో ఒక్క ముక్కలో జవాబు చెప్పి ఊరుకోవడం నాకు తృప్తినివ్వలేదు. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఈ మాట బరువంతా 'తోడు' మీదే ఉంది. తోడబుట్టినవాడు, తోడికోడలు, తోడల్లుడు అనే మాటల్లో వినిపించే తోడే ఇది. దొంగ చేసే పని ఏమిటో తెలిసి, దానికి తన వంతు సాయం చేసినవాడు తోడుదొంగ. సొమ్ములో అతనికి వాటా దక్కిందా లేదా అన్నదానితో పని లేదు.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు మా అన్నయ్య అటక మీది బెల్లం కుండలో చెయ్యి పెట్టాడు. అతను ఎక్కిన స్టూలుకు ఒక కాలు పొట్టి. అది ఊగకుండా రెండు చేతులతో బిగించి పట్టుకున్నది నేను. బెల్లం ముక్క నాకు అందకముందే అమ్మ వచ్చి, "వాడు దొంగ, నువ్వు తోడుదొంగ" అంది. నేను తినలేదని ఎంత ఏడ్చినా ఆ మాట వెనక్కి తీసుకోలేదు. అమ్మ తీర్పు సరైనదేనని నేను ఇప్పటికీ నమ్ముతాను. అదే గదిలో పలక మీద అక్షరాలు దిద్దుకుంటున్న చెల్లెలిని మాత్రం అమ్మ ఏమీ అనలేదు, ఎందుకంటే పక్కన ఉండటం వేరు, తోడు నిలవడం వేరు.

చట్టం కూడా దాదాపు ఇలాగే చూస్తుంది. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలోని 3(5) సెక్షన్ ప్రకారం, కొందరు ఒకే ఉద్దేశంతో కలిసి నేరం చేస్తే, వారిలో ప్రతి ఒక్కరూ ఆ నేరాన్ని తానొక్కడే చేసినట్లుగా బాధ్యత వహించాలి. 1860 నాటి శిక్షాస్మృతిలో 34వ సెక్షన్ చెప్పిందీ ఇదే. అయితే న్యాయస్థానంలో తోడుదొంగ అనే మాట చెల్లదు. విచారణ జరుగుతున్నంత కాలం అతను సహ నిందితుడే. నేరం రుజువు కాని మనిషిని మీరు తోడుదొంగ అని రాయకండి, అది అన్యాయం.

ఇక ప్రయోగం సంగతి. "వాళ్ళిద్దరూ తోడుదొంగలు" అంటే ఇద్దరూ సమానమే. "వాడికి వీడు తోడుదొంగ" అంటే మొదటివాడు ముందు నడిచాడని, రెండోవాడు చెయ్యి అందించాడని అర్థం. కాపలా కాయవలసినవాడే దొంగతో రహస్యంగా చేతులు కలిపితే, దానికి 'లాలూచీ' అన్న మాట ఇంకా బాగా అతుకుతుంది. కలిసి అల్లరి చేసే మీ ఇద్దరినీ మీ అమ్మమ్మ "తోడుదొంగలు" అని పిలిచేటప్పుడు మాత్రం ఆ మాటలో నేరం ఉండదు, మురిపెమే ఉంటుంది.

ఆడవారికైనా మగవారికైనా రూపం ఒకటే. రెండు ముక్కలుగా విడదీయకుండా 'తోడుదొంగ' అని కలిపి రాయండి.

మీ తాతయ్య