మైనం మట్టి: అపోహలు - వాస్తవాలు

కొయోటీ (ఉత్తర అమెరికాలో తోడేలుకి దగ్గరి జాతి జంతువు), నక్క బొచ్చు మంచి పట్టు మీద ఉండేది నవంబర్ చివరి నుంచి జనవరి దాకా. అమెరికా ఉత్తరాది రాష్ట్రాల్లో, కెనడాలో నేల పారకి లొంగకుండా బిగుసుకుపోయేదీ అప్పుడే. బొచ్చు కోసం ఈ జంతువుల్ని పట్టడానికి, నేలలో పాతి పైన మట్టి కప్పే ఫుట్‌హోల్డ్ ట్రాపులతో (అడుగు పడగానే మూసుకుని పాదాన్ని పట్టే ఇనప ఉచ్చులు) పనిచేసే వాళ్లకి ఏటా ఇదే తలనొప్పి. కప్పిన మట్టిలో కాస్త తడి ఉన్నా రాత్రికి రాత్రే అది పెచ్చులా గట్టిపడుతుంది. జంతువు దాని మీదే నిలబడినా లోపల ప్యాన్, అంటే అడుగు బరువుకి దిగి ట్రాప్‌ని మూయించే పలక, దిగదు. దీనికి విరుగుడుగా వాడేదే మైనం మట్టి. బాగా ఎండబెట్టి జల్లించిన మట్టికి కరిగిన మైనం కలిపి, రేణువు రేణువుకీ పల్చటి పూత పట్టిస్తారు. అంతే, ఇందులో ఇంకే రహస్యమూ లేదు. కానీ కొత్తగా ట్రాపింగ్ లైసెన్స్ తీసుకున్నవాళ్లు అడిగే ప్రశ్నలు వింటుంటే దీని చుట్టూ చాలా అపోహలు పేరుకుపోయాయని అర్థమవుతోంది.

అపోహ: మైనం మట్టి వేస్తే ఎంత చలికైనా గడ్డకట్టదు

మైనం యాంటీఫ్రీజ్ కాదు. నీరు గడ్డకట్టే ఉష్ణోగ్రతను అది ఒక్క డిగ్రీ కూడా తగ్గించదు. అసలు చలికి గట్టిపడేది మట్టి కాదు, మట్టి రేణువుల మధ్య సందుల్లో చేరిన నీరు. అదే మంచుగా మారి రేణువులన్నిటినీ అతికించేస్తుంది. నీరు లేని పొడి మట్టి మైనస్ 30 డిగ్రీల్లో కూడా పొడిగానే ఉంటుంది. మైనం పూత చేసే పని ఒక్కటే, ఆ నీటిని రేణువులకి అంటనివ్వకపోవడం. పైన పడ్డ చినుకు ఇంకకుండా ముత్యంలా నిలిచి పక్కకి జారిపోతుంది.

అయితే నీటిని లోపలికి రాకుండా ఆపడం వేరు, వచ్చి నిలిచిన నీటిని తట్టుకోవడం వేరు. పల్లంలో గుంత తవ్వి ట్రాప్ పెట్టారనుకోండి. మధ్యాహ్నం కరిగిన మంచంతా ఆ గుంతలోకే దిగుతుంది. రేణువుల మధ్య ఖాళీలు నీళ్లతో నిండాక పూత ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. రాత్రికి మొత్తం ఒకే దిమ్మ అవుతుంది. అందుకే మట్టి గురించి అడిగేవాళ్లని నేను ముందు చోటు గురించి అడుగుతాను. కాస్త ఎత్తు, కాస్త వాలు ఉంటే సగం పని అయినట్టే. రోజంతా మైనస్‌లోనే ఉండే చలి నిజానికి సులువు. పగలు కరిగి రాత్రి గడ్డకట్టే వాతావరణమే అసలు టెన్షన్.

అపోహ: మట్టిలో కొంచెం తడి ఉన్నా పర్వాలేదు, మైనం కరిగించే వేడికి ఆరిపోతుంది

ఎక్కువమంది మట్టి పాడయ్యేది ఇక్కడే. మామూలు పారఫిన్ మైనం రకాన్ని బట్టి 50 నుంచి 65 డిగ్రీల సెల్సియస్ మధ్య కరిగిపోతుంది. ఆ కాస్త వేడికి, ఆ కాస్త సమయంలో మట్టి లోపలి తడి పోదు. మైనం ముందే కరిగి ఉండల చుట్టూ పూతలా పట్టేస్తుంది, తడి లోపలే చిక్కుకుంటుంది. చూడటానికి బాగానే ఉంటుంది. జనవరిలో ట్రాప్ మీద వేశాక అవే ఉండలు గులకరాళ్లలా గట్టిపడతాయి.

కాబట్టి ఈ పని ఎండాకాలానిది. అక్కడ ఎండలు కాసే జులై, ఆగస్టుల్లో టార్పాలిన్ మీద మట్టిని రెండంగుళాల మందం మించకుండా పరిచి, రోజూ తిరగేస్తూ, సాయంత్రం కప్పేస్తూ ఆరబెట్టాలి. చేత్తో పట్టుకుంటే పొడిగా అనిపించడం చాలదు. గుప్పెడు మట్టిని గాజు సీసాలో వేసి, మూత బిగించి, ఎండలో పెట్టండి. కాసేపటికి సీసా లోపలి గోడల మీద ఆవిరి పట్టిందంటే ఇంకా తడి ఉన్నట్టే. ఈ పరీక్ష దాటని మట్టికి నేను మైనం కలపను.

ఆరాక పావు అంగుళం కన్నుల ఇనప జాలీతో జల్లించాలి. వేర్లు, గడ్డి, రాళ్లు అన్నీ పోవాలి. చిన్న గులకరాయి జాస్ (పాదాన్ని పట్టే ఇనప దవడలు) మధ్య ఇరుక్కుంటే ట్రాప్ పూర్తిగా మూసుకోదు. మిగతా శ్రమంతా ఆ ఒక్క రాయితో వృథా.

అపోహ: ఏ మట్టయినా ఒకటే

కాదు. రేణువు ఎంత చిన్నదైతే అదే బరువు మట్టికి పూత పట్టాల్సిన ఉపరితలం అంత పెరుగుతుంది. బంకమట్టి మైనాన్ని తాగేస్తుంది, ఆపైన ఉండలు కడుతుంది. వట్టి ఇసుక త్వరగా ఆరుతుంది, మైనం కూడా తక్కువ పడుతుంది. కానీ అది నీళ్లలా జారుతుంది, ఏ చిన్న సందు దొరికినా ప్యాన్ కిందికి చేరుతుంది. ఇసుక పాలు ఎక్కువున్న పొలం మట్టి నా ఎంపిక. ట్రాప్ పెట్టబోయే ప్రాంతపు మట్టి రంగుకి దగ్గరగా ఉంటే ఇంకా మంచిది.

అపోహ: మైనం ఎంత ఎక్కువ వేస్తే అంత మంచిది

ఎక్కువైతే రేణువులు ఒకదానికొకటి అతుక్కుంటాయి. చలికి మైనమే బిగుసుకుని, మంచు చేయాల్సిన చెడ్డపని తనే చేస్తుంది. ఇసుక కలిసిన మట్టికి బరువులో 20 పాళ్లకి ఒక పాలు మైనంతో మొదలుపెట్టండి. అంటే 25 కిలోల బకెట్‌కి కిలోంపావు. బంకపాలు ఉంటే కాస్త పెంచుకోవాలి. ఇది మొదలుపెట్టడానికి చెప్పే లెక్కే, తీర్పు చెప్పేది పరీక్ష. చల్లారిన మట్టిని గుప్పిట్లో గట్టిగా నొక్కి వదలండి, విడిపోవాలి. తర్వాత కప్పులో నింపి, పైన నాలుగు చెంచాల నీళ్లు పోసి, రాత్రంతా ఫ్రీజర్‌లో ఉంచండి. పొద్దున పైన మంచు బిళ్ల కనబడాలి, దాన్ని తీస్తే కింద మట్టి పొడిగా రాలాలి. నీరు ఇంకి మధ్యలో గడ్డకట్టిందంటే మళ్లీ వేడిచేసి ఇంకొంచెం మైనం కలపాల్సిందే.

ఫ్లేక్స్ రూపంలో అమ్మే మైనం కొనడం మేలు. దిమ్మలు కొని తురుముకుంటే డబ్బు మిగలొచ్చు, ఓపిక మిగలదు.

అపోహ: దీనికి పొయ్యి, సిమెంట్ మిక్సర్ ఉండాల్సిందే

మంచి ఎండ ఉంటే ఏదీ అక్కర్లేదు. మండుటెండలో నల్లటి తారు నేల 60 డిగ్రీలు దాటుతుంది. నల్ల ప్లాస్టిక్ షీట్ పరిచి, దాని మీద ఆరిన మట్టిని పల్చగా పోసి, వేడెక్కాక మైనం ఫ్లేక్స్ చల్లండి. గంటకోసారి రేక్‌తో తిరగేస్తూ ఉంటే తెల్లటి పలుకులు మాయమై మట్టి రంగు ఒక ఛాయ ముదురుతుంది. పలుకులు కనబడుతున్నంతసేపూ పని అవలేదని లెక్క. కొనేటప్పుడే తక్కువ వేడికి కరిగే రకం చూసుకుంటే ఎండ సరిపోతుంది.

మిక్సర్‌ని తిప్పుతూ బయటినుంచి ప్రొపేన్ టార్చ్‌తో డ్రమ్ముని కాల్చే పద్ధతి త్వరగా అవుతుంది, నిజమే. దాని ప్రమాదం కూడా చెప్పాలి. పారఫిన్ ఆవిరి సుమారు 200 డిగ్రీల దగ్గర మంట తగిలితే అంటుకుంటుంది. మట్టిని ముందు వేడిచేసి, మంట పూర్తిగా తీసేశాకే మైనం వేయాలి. మట్టిలో ఉన్న వేడే దాన్ని కరిగిస్తుంది. మైనం పడ్డాక డ్రమ్ము నోట్లోకి మంట చూపించకూడదు. అది నిప్పంటుకుంటే నీళ్లు అసలే పోయకూడదు. నీరు ఒక్కసారిగా ఆవిరై మండుతున్న మైనాన్ని మీదికి ఎగజిమ్ముతుంది. పక్కన పొడి మట్టి బకెట్, డ్రమ్ము నోటికి సరిపోయే ఇనప రేకు, డ్రై పౌడర్ ఎక్స్‌టింగ్విషర్ ఉండాలి. ఇంట్లో వంట పొయ్యి మీద, ఓవెన్‌లో ఈ పని పెట్టుకోవద్దు.

ఏ పద్ధతిలో చేసినా చల్లారేదాకా కదుపుతూనే ఉండాలి. వేడిగా ఉండగానే బకెట్లలోకి ఎత్తితే మర్నాటికి గడ్డపలుగుతో తవ్వుకోవాల్సి వస్తుంది.

అపోహ: మైనం వాసనకి కొయోటీ దగ్గరికే రాదు

శుద్ధి చేసిన పారఫిన్‌కి వాసన చాలా తక్కువ. మనుషుల వాసన మధ్యే బతుకుతూ, పొలాల గట్ల మీద, ట్రాక్టర్ దారుల్లో తిరిగే జంతువు అది. వాసన వచ్చేది మాడిపోయిన మైనానికి, డీజిల్ పొగ పట్టిన డ్రమ్ముకి, పెట్రోల్ డబ్బా పక్కన నిల్వ చేసిన బకెట్‌కి. ఈ మూడూ తప్పిస్తే చాలు. కొయోటీ అనుమానపడి తవ్వేసిందంటే చాలాసార్లు కారణం వాసన కాదు, ట్రాప్ కదలడం. కాలు జాస్ మీదో, వాటిని మూసే స్ప్రింగు లివర్ మీదో పడి అది ఊగితే ఇక ఆ జంతువు అక్కడ అడుగు పెట్టదు. తప్పు బెడ్డింగ్‌ది (ట్రాప్‌ని గుంతలో కదలకుండా కూర్చోబెట్టడం), నింద మైనానికి.

అపోహ: పైన ఒక పొర చల్లితే చాలు

మంచు పైనుంచే వస్తుందనుకోవడం వల్ల పుట్టిన అపోహ ఇది. కింది నేల నుంచి కూడా తడి సన్న సందుల గుండా పైకి పాకుతుంది. ఒండ్రు లాంటి మెత్తటి మట్టిలో ఇది మరీ ఎక్కువ. ట్రాప్ అడుగు తడి నేలకి ఆనుకుని ఉంటే స్ప్రింగులు, లివర్లు నేలతో కలిసి బిగుసుకుపోతాయి. పైన ఎంత మంచి మట్టి ఉన్నా జాస్ లేవవు.

అందుకే గుంతను ట్రాప్ కంటే వెడల్పుగా, అంగుళం ఎక్కువ లోతుగా తవ్వాలి. అడుగున మైనం మట్టి పోసి, ట్రాప్‌ని అందులోకి తిప్పుతూ నొక్కి కూర్చోబెట్టాలి. చుట్టూ అదే మట్టి వేసి వేళ్లతో గట్టిగా కూరాలి. మైనం మట్టి మామూలు మట్టిలా బిగువు పట్టదు కాబట్టి ఇక్కడ ఇంకాస్త ఓపిక కావాలి. జాస్ మీద, లివర్ల మీద ఎక్కడ వేలితో నొక్కినా ట్రాప్ కదలకూడదు. ప్యాన్ కింద మాత్రం ఖాళీ ఉండాలి. పొడిగా జారే మట్టి అక్కడికి తేలిగ్గా చేరుతుంది కాబట్టి ప్యాన్ మీద కవర్ వేయడం గానీ, కింద పాలిస్టర్ దూది పెట్టడం గానీ తప్పనిసరి. ఆ దూది కూడా పొడిగా ఉండాలి. ఇవన్నీ అయ్యాక పైన పావు నుంచి అర అంగుళం పొర.

ఈ లెక్కన ఒక బకెట్ మట్టి మూడు నాలుగు ట్రాపులకి మించి రాదు. మోత బరువే. తక్కువ మట్టితో సరిపెట్టుకోవాలనిపించేది కూడా అందుకే.

అపోహ: ఉప్పు చవక, పనీ అదే

ఉప్పు నీటితో కలిసి గడ్డకట్టే ఉష్ణోగ్రతను తగ్గిస్తుంది, అంటే మైనం చేయని పని చేస్తుంది. కానీ వాడుకలో సోడియం క్లోరైడ్ మైనస్ 9, 10 డిగ్రీల దాకానే నమ్మకంగా పనిచేస్తుంది. కాల్షియం క్లోరైడ్ ఇంకా చలిని తట్టుకుంటుంది గానీ, గాలిలో తేమను లాక్కుని మట్టిని బురదగా ఉంచుతుంది. రెండూ ఇనుముని తుప్పు పట్టిస్తాయి. వీటికి మించిన ఇబ్బంది ఇంకోటుంది: ఉప్పు నాకడానికి జింకలు వస్తాయి, పశువులున్న చోట పశువులు వస్తాయి. కారు రేడియేటర్‌లో పోసే ఇథిలీన్ గ్లైకాల్ ద్రవాన్ని చల్లే ఆలోచన మాత్రం దగ్గరికి రానివ్వకండి. తియ్యగా ఉండే విషం అది, కుక్కలు నాకి చనిపోతాయి.

అపోహ: ఒకసారి వాడితే పారేయాలి

అక్కర్లేదు. ట్రాప్ తీసేటప్పుడు ఎత్తుకుని, మళ్లీ జల్లించి, మూత ఉన్న బకెట్లో పెట్టుకోండి. జంతువు పడిన చోటి మట్టికి దాని వాసన పట్టి ఉంటుంది, దాన్ని విడిగా ఉంచి అదే చోట తిరిగి వాడితే లాభమే.

అపోహ: మైనం మట్టి వేశాం కాబట్టి ట్రాప్‌ని నాలుగు రోజులు చూడక్కర్లేదు

ట్రాప్‌ని ఎన్ని గంటలకోసారి చూడాలో చాలా రాష్ట్రాల నిబంధనల్లో రాసి ఉంటుంది. చాలా చోట్ల రోజుకోసారి. మట్టి దాన్ని మార్చదు. కొలరాడోలో 1996లో, కాలిఫోర్నియాలో 1998లో ఓటర్లే ఈ ట్రాపుల మీద గట్టి ఆంక్షలు పెట్టారు, కాబట్టి ముందు మీ రాష్ట్రంలో అసలు అనుమతి ఉందో లేదో చూసుకోండి. గడ్డకట్టే చలిలో పట్టుబడ్డ జంతువుని ఎక్కువసేపు ఉంచితే పాదానికి రక్తం అందక గాయమవుతుంది. సగం గడ్డకట్టి నెమ్మదిగా మూసుకునే ట్రాప్‌దీ అదే సమస్య. పాదం పైన పట్టాల్సింది కాలివేళ్ల దగ్గర పట్టి, జంతువు గాయంతో తప్పించుకుపోతుంది.

గడ్డకట్టే వాన పడ్డాక మైనం మట్టి పైన కూడా సన్నటి అద్దం లాంటి పెచ్చు కడుతుంది, దాన్ని ఏ పూతా ఆపలేదు. ఆ పొద్దున ట్రాప్ దగ్గరికి వెళ్లి, అది మూసుకోకుండా సేఫ్టీ వేసి, పెచ్చుని చిన్న ముక్కలుగా విరిచి ఏరేసి, పైన అర అంగుళం కొత్త మట్టి చల్లాలి. అందుకే బండిలో ఎప్పుడూ ఒక బకెట్ అదనంగా ఉంచుకోండి, మూత గట్టిగా బిగించి.